లాభం, రెండు, మూడు

నడుం కాదండి, నడుం కింద.
బొటనవేలు పెట్టి చూపిస్తే రూపాయి బిళ్ళంత చోటు,
కుడి పక్క సొట్టలో.
అక్కడే పొడుస్తుంది.

ముప్పై ఏళ్ళు అంబాజీపేట కొబ్బరి కొట్లలో కాయ వలిచాను.
గునపం మీద గుచ్చడం, ఒక విసురు,
పీచు ఇవతలికి, కాయ అవతలికి.
రోజుకి వెయ్యి విసుర్లు, అన్నీ కుడికే.
ఎడమకి తిరిగే పని ఒక్కటీ రాయలేదు దేవుడు నాకు.

తైలం అయింది. ముక్కామల కట్టు అయింది.
సూదిమందు రెండు శుక్రవారాలు ఆగింది.
చివరికి అమలాపురం ఆసుపత్రిలో
ఎస్తేరు రాణి గారని, ఫిజియో అమ్మాయి,
నా కథ సగంలో ఆపి చాప పరిచింది.

"మా నాన్న లాకుల మీద లస్కరండి.
పై కాలవకీ కింది కాలవకీ మధ్య తలుపుంటుంది చూడండి,
వదులైతే ఒక గోల, బిగిస్తే ఒక గోల.
మీ వెన్నుకీ తుంటికీ మధ్య అలాంటిదే."

పని మానేయమనలేదు.
మానేయమన్నా వినడని లస్కరు కూతురికి తెలుసు.

మోకాలు గుండెకి లాక్కోమంది, పసిపిల్లని ఎత్తుకున్నట్టు.
పక్కకి పడుకుని, మడమలు కలిపి,
పై మోకాలు ఆల్చిప్పలా తెరవమంది.
ఉడికిస్తే గాని తెరుచుకోదమ్మా అది, అన్నాను.
నవ్వలేదు.

తర్వాత వెల్లకిలా, తుంటి లేపాలి.
"గన్నవరం అక్విడెక్టు చూశారుగా?
కింద ఏరు, పైన కాలవ.
చుక్క ఒలకకూడదు."
లేపాను.
మొత్తం ఒలికిపోయింది.

పది లెక్కపెట్టమంటే
"లాభం" అన్నాను.
"ఏంటది?"
కాయ లెక్క ఒకటితో మొదలెట్టరమ్మా,
లాభం, రెండు, మూడు.
షావుకారు లాభం అది, నాది కాదు,
నోరు అలా తిరిగిపోయింది.

ఇప్పుడు తెల్లారకముందే
మా ఆవిడ బొంత నాలుగు మడతలేస్తుంది.
మోకాళ్ళ మధ్య తలగడ పెట్టుకున్న రాత్రి
పక్కకి దొర్లితే పళ్ళు కొరకడం తగ్గింది.
తగ్గింది అంతే. పోయిందనను.

ఇజ్రాయేలు గోడ మీంచి చూసి నవ్వేవాడు.
వాడిదీ అదే నొప్పి, ఎడం పక్క.
పుర్రచేతివాటం వాడిది.
మొన్న చాప చంకలో పెట్టుకుని వచ్చాడు,
ఏమీ అడక్కుండా పక్కన పరుచుకున్నాడు.

ఇద్దరం, రెండు వంతెనలు,
రేకుల్లో చిల్లులకేసి చూస్తూ.

లాభం, అన్నాను.
"ఇది ఎవరి ఖాతాలో రాస్తారు బావా?"

ఊపిరి బిగపట్టకురా.
రెండు.