బ్యారన్‌కి కిటికీలు

పన్నెండు సెంట్లు. దాని మీద ఒక పొగాకు బ్యారన్,
పక్కన ఆకు కుట్టే పాక, రెండెడ్ల సావిడి.
"పడగొట్టండి, ఇటుకైనా మిగుల్తుంది" అన్నాడు
ప్రత్తిపాడు బ్రోకరు.
కాగితం మీద ఖాళీ స్థలమనే రాయించాడు.

మేం పడగొట్టలేదు.
డబ్బుల్లేక అని ఊళ్లో చెప్పాం. సగం నిజం.

మొదటి రోజు తలుపు తీస్తే
చీకటి బయటికి రాలేదు, మేమే లోపలికి వెళ్లాం.
ఇరవై అడుగుల ఎత్తు. ఒక్క కిటికీ లేదు.
పొగాకుకి వెలుతురెందుకు?
అడ్డకర్రల మీద గబ్బిలాలు,
ఎవరో ఎక్కించి దించడం మర్చిపోయిన ఆకులా.

మస్తాన్ వలీ మేస్త్రి గోడ మీద కొట్టి విన్నాడు
పుచ్చకాయ బేరమాడుతున్నట్టు.
"పద్దెనిమిదంగుళాల గోడమ్మా,
కిటికీ కావాలంటే దీన్ని బతిమాలుకోవాలి."
నాలుగు రోజులు బతిమాలాడు, సుత్తితో.
ఐదో రోజు తూర్పు గోడలోంచి
చెయ్యి పట్టేంత ఆకాశం ఊడి పడింది.
మా చిన్నాడు దానికి కన్ను ఆనించి
"అమ్మా, మిరప చేను కనిపిస్తోంది!" అని అరిచాడు,
రోజూ ఆ చేలోంచే నడిచొచ్చేవాడు.

సావిడి వంటిల్లయింది.
ఎడ్ల కుడితి తొట్టిలో గిన్నెలు తోముతున్నాను.
నాకి నాకి నునుపైన నాపరాయి,
నా చెయ్యి జారిన చోటల్లా ఒక ఎద్దు.
పొయ్యి బొరియలో పిల్లి ఈనింది,
దాన్ని మూయించడం వచ్చే నెలకి వాయిదా.
రేకు గొట్టాలు పాతసామానుకి వేస్తే
గ్యాసు స్టవ్వుకి సగం డబ్బులొచ్చాయి.
పాక నేల తవ్వితే పురికొస ముక్కలు.
ఒక్కటీ పారెయ్యలేదు,
అందులో ఏ ముడి అమ్మ వేసిందో తెలీదు కాబట్టి.

వాసన మాత్రం పోలేదు.
మూడు పూతలు సున్నం వేశాం. వాన పడితే చాలు
గోడలు పాత సంగతులు ఎత్తుకుంటాయి.
బళ్లో టీచరు మా పెద్దదాన్ని అడిగిందట,
"మీ నాన్న చుట్ట తాగుతాడా?"

మా నాన్న ఏసోబు
ఇరవైరెండు సీజన్లు ఇక్కడ క్యూరింగ్ చూశాడు,
ఆసామి కింద, కూలికి.
అరచెయ్యంత అద్దంలోంచి రాత్రంతా డిగ్రీలు చదివేవాడు.
ఒక్క కునుకు తీస్తే ఆకు నల్లబడుతుంది,
నల్లబడితే ఆసామి మొహం ఎర్రబడుతుంది.
గృహప్రవేశం నాడు పాస్టరుగారి ప్రార్థన అయిపోయినా
చెప్పులు విప్పి గుమ్మం బయటే నిలబడ్డాడు.
"ముందు లోపల వేడి ఎంతుందో చూడాలి" అన్నాడు, నవ్వకుండా.

ఇప్పటికీ రాత్రి రెండు గంటలకోసారి లేస్తాడు.
గోడకి అరచెయ్యి ఆనిస్తాడు.
చల్లగా ఉంటుంది కదా, ఏం చెయ్యాలో తోచదు,
కాసేపు అలాగే ఉండి వచ్చి పడుకుంటాడు.

మొన్న ముసురులో చంటిది కెజియాకి ఒళ్లు కాలిపోయింది.
థర్మామీటరు ఇంకా విప్పని ఏదో డబ్బాలో ఉంది.
నేను వెతుకుతుంటే వెనకనుంచి వచ్చి
దాని నుదుటి మీద, మెడ కింద, అరికాలి మీద చెయ్యేసి
"నూట రెండు. ఇక పెరగదు. కిటికీ తెరువు" అన్నాడు.

దొరికాక పెట్టి చూశాం. నూట రెండు మీద ఒక గీత.
ఆ గీత సంగతి ఆయనకి చెప్పలేదు.

తెల్లారేదాకా దాని పక్కనే కూర్చున్నాడు,
కట్టె ఎగదోసే పని లేకుండా,
ఈ గోడల మధ్య మొదటిసారి
వేడి దిగడం కోసం.