నీలివార్త

ఏడాదికోసారి న్యూరెంబర్గ్ పురమందిరంలో
అద్దకంవాళ్ళందరూ వరసకట్టి చెయ్యెత్తుతారు.
యోబ్స్ట్ కూడా ఎత్తాడు.
గోళ్ళ చుట్టూ నీలం, మణికట్టు దాకా నీలం.
ఆ చెయ్యే సాక్షి, ఆ చెయ్యే ముద్దాయి.

"సముద్రాలు దాటొచ్చే దయ్యపు రంగును
నా తొట్టిలో కలపను. కలిపితే నా తల తీయండి."
గుమాస్తా అతని పేరుకెదురుగా ఒక గీత గీశాడు.
బయట మంచు, చేపల అంగడి, ఎవరిదో గాడిద ఓండ్రింపు.

నిరుడు కూడా ఇదే మాట అన్నాడు.
అప్పుడది నిజమే.

వోడ్ ఆకు సంగతి తెలుసా మీకు?
తురింగియా చేలల్లో కోసి, తిరగలిరాయి కింద నలిపి,
ఉండలు చుట్టి, తడకల మీద ఆరబెట్టి,
మళ్ళీ తడిపి, మళ్ళీ కుళ్ళబెట్టి,
ఊరి గాలంతా మురిగిన క్యాబేజీ కంపు.
తొట్టిలోకి తాగుబోతుల మూత్రమే శ్రేష్ఠమట;
బీరుకొట్టు వెనక పీపా పెట్టించి
రోజూ పొద్దున్నే కునిగుండ దొర్లించుకొస్తుంది.
ఇంతా చేస్తే బండెడు ఆకుకి
పిడికెడు నీలం.

లిస్బన్‌లో దిగి, ఆంట్వెర్ప్‌లో చేతులు మారి,
మిరియాల బస్తా అడుగున దాక్కుని వచ్చిన
నల్లటి బిళ్ళ మాత్రం అరచేతిలో పడుతుంది.
గోటితో గీస్తే రాగిలా మెరుస్తుంది.
బండెడు ఆకూ అందులోనే
కాళ్ళు ముడుచుకుని పడుకుంది.

అప్పులున్నాయి.
ఆగ్స్‌బర్గ్ వర్తకుడు అడిగింది ముదురునీలం.
కునిగుండ తలుపు గడియ వేసింది.
ఆమె ఏ ప్రమాణమూ చేయలేదు,
ఆడవాళ్ళని ఎవరూ అడగరు గనక.
రోకలి ఆమే పట్టుకుంది.

దంచబోతూ ఆగింది.
బిళ్ళకి ఒక పక్కన బొటనవేలి ముద్ర.
తన చిటికెనవేలు పెట్టి చూసింది. సరిగ్గా సరిపోయింది.
ఎక్కడో, ఏ ఎండలోనో, తడిముద్దని అచ్చులోంచి తీస్తూ
ఎవరి బిడ్డో కాస్త గట్టిగా నొక్కింది.
"ఏమిటి?" అన్నాడు యోబ్స్ట్.
"ఏం లేదు" అంది.
ముద్ర ఉన్న పక్కనే ముందు దంచింది.

తొట్టిలోంచి తీసినప్పుడు బట్ట పసుపుపచ్చ.
గాలి తగిలితే ఆకుపచ్చ. ఇంకాసేపటికి నీలం.
సోదాకొచ్చినవాడు వాసన చూశాడు, నాలికకి రాసుకున్నాడు.
మొలలో కత్తి ఉంది గానీ
ఏ నీలం ఏ ఆకుదో కోసి చూడలేడుగా.

చలి విరిగాక ఎన్‌డ్రెస్ వచ్చాడు,
తురింగియా నుంచి, బండి నిండా వోడ్ ఉండలతో.
ఆరేసిన థానుల ముందు నోరు తెరిచి నిలబడ్డాడు.
అంచు పట్టుకుని తడిమాడు.
"ఇది నా ఆకేనా?"

యోబ్స్ట్ గొంతు సవరించుకున్నాడు.
పురమందిరంలో ఇంత కష్టం కాలేదు;
అక్కడ చెయ్యెత్తితే చాలు, కళ్ళలోకి ఎవరూ చూడరు.
"నీ ఆకే. ఈ ఏడు నీ నేల చేవ చూపించింది."

ఎన్‌డ్రెస్ టోపీ తీసి నవ్వాడు, పన్నెండేళ్ళ కుర్రాడిలా.
బఠాణీ వేద్దామనుకున్న చెలకలో కూడా
వోడే చల్లుతానన్నాడు. బావమరిదిని అడిగి
ఇంకో రెండు మళ్ళు కౌలుకి తీసుకుంటానన్నాడు.
కునిగుండ అతనికి దారికి రొట్టెలు కట్టిచ్చింది.
ఎప్పుడూ ఒకటే ఇచ్చేది. ఈసారి మూడు.

తెలుగులో ఒక మాట ఉంది.
నీలికుండ చెడితే అద్దకంవాళ్ళు
లేని కబురొకటి పుట్టించి వదిలేవారట;
అది ఊరూరా తిరిగితే రంగు కుదురుకుంటుందట.
అందుకే పుకారుకి నీలివార్త అని పేరు.

బిళ్ళ న్యూరెంబర్గ్ చేరింది, వేలిముద్ర చేరింది.
ఆ మాట మాత్రం ఓడ ఎక్కలేదు.

ఎన్‌డ్రెస్ బండి మంచుబురదలో మూలుగుతూ పోయింది.
సత్రంలో, సుంకంగేటు దగ్గర, చర్చి మెట్ల మీద,
కనపడినవాళ్ళందరికీ చెప్పుకుంటూ పోయాడు
తన నేల గొప్పతనం.

ఆ ఏడు యోబ్స్ట్ తొట్టి
ఒక్కసారి కూడా చెడలేదు.