పదికి ఎంత?

రుయా ఆస్పత్రిలో డాక్టరమ్మ అడిగింది:
"నొప్పి పదికి ఎంత పెద్దాయనా?"
ఇస్కూల్లో కూడా ఎప్పుడూ
పదికి ఇన్నని చెప్పుకునేటంత రాలేదు నాకు.
ఏడు అన్నాను,
ఆ బిడ్డ నొచ్చుకోకుండా.

నాకు తెలిసిన కొలత వేరు.
ఐరాల పక్కన ముప్పై ఒక్క ఏండ్లు
బెల్లం పెనం కింద మంట చూసినోణ్ణి.
ఎండిన చెరకు పిప్పి పొయ్యిలోకి తోస్తా తోస్తా
పాకం ఎప్పుడు తీగ సాగుతుందో,
నీళ్ళలో వేస్తే ఎప్పుడు ఉండ కడుతుందో
కండ్లు మూసుకుని వాసనతోనే చెప్పేవాణ్ణి.
పొగ పోను గొట్టం ఉందిలే అనుకున్నాం.
సగం గొట్టం నేనేనని
ఎక్స్‌రే చూసినాక తెలిసింది.

తెల్లారి నొప్పి లేతపాకం.
కుడి రెక్క కింద పలచగా, వెచ్చగా
కాఫీ తాగేదాకా నా పక్కనే కూర్చుని ఉంటుంది.
నీళ్ళు పోసుకునేటప్పుడు తీగపాకం.
చెంబు పైకెత్తితే
వీపు దాకా సాగుతుంది, తెగదు.
రేత్రికి ఉండ కట్టి
నేను ఎటు ఒత్తిగిలితే అటు దొర్లుతుంది.

మాడిన రోజులూ ఉన్నాయి.
మాడిన బెల్లాన్నయితే సారా కాచేవాళ్ళు
బేరమాడకుండా ఎత్తుకుపోయేవాళ్ళు.

పోయిన కార్తీకంలో దగ్గి దగ్గి
పక్కటెముక చిట్లింది.
ఎవరూ కొట్టలేదు, యాడా పడలేదు.
"నిన్ను నువ్వే కొట్టుకున్నావా"
అని నవ్వబోయి ఆగిపోయింది వల్లెమ్మ.
అప్పట్నుంచి దగ్గు వస్తా ఉందంటే
దిండును చంటిబిడ్డ మాదిరి ఎదకు అదుముకుంటాను.
మూడేండ్ల మనవడు వచ్చి
దిండుకు జోల పాడతాడు.
నవ్వొస్తుంది. నవ్వితే ఆడే పొడుస్తుంది.
ఇంకోసారి పాడరా అంటాను.

మంచం పక్కన మిషను
గానుగ మాదిరి తిరుగుతా ఉంటుంది.
గాలిని నలిపి, రసం పిండి
సన్నటి పైపులో నా ముక్కుకు పంపుతుంది.
పిప్పి యాడ పారేస్తుందో
ఇంతవరకూ కనిపెట్టలేకపోయాను.

కరెంటు పోతే
వల్లెమ్మ విసనకర్ర అందుకుంటుంది.
గాలికేం కరువు లేదే,
లోపల దానికి చోటు లేదు గానీ
అని చెప్పొచ్చు.
చెప్పను. విసరనిస్తాను.
చెయ్యి మార్చుకుంటుంది,
మళ్ళీ చెయ్యి మార్చుకుంటుంది.
ఆ భుజాన్ని పదికి ఎంతని
ఏ ఆస్పత్రిలోనూ అడగలేదు.

పొగొచ్చే కాలం, కిటికీ తియ్యొద్దంది డాక్టరమ్మ.
నిజమే.
బెత్తెడు తీసి పెట్టుకున్నాను.
ఈ సాయంత్రం చెంగల్రాయులు గానుగ కాడ
కొత్త పిల్లోడెవడో మంట ముందర ఉన్నట్టుంది.
వాసన ముదిరిపోతా ఉంది.
ఇంకో రెండు నిమిషాలుంటే పెనమంతా పాడు.
"దించండ్రా" అని అరవబోయాను.

"దిం" దాకా వచ్చింది ఊపిరి.
మిగతాది
వాకిట్లోకి ఉరికి
వల్లెమ్మ అరిచింది.