తెల్ల చార

లెయిత్సా ఊరి నడి చౌకులో, పండుగ మూడో రోజు,
నూట ఇరవై అయిదు కిలోల రాయి
మా నాన్న పెయో తొడల మీదికెక్కి
అక్కడ ఒక్క క్షణం ఆగింది.
అప్పుడే వినిపించిందట,
తడిబట్ట చింపినట్టు.
రాయిని పడెయ్యలేదు.
నిద్రపోయే బిడ్డని పక్కలో దించినట్టు దించాడు.
ఆ తరవాత తను పడ్డాడు.

తొలోసా ఆస్పత్రిలో స్కానింగ్ నా పని.
మర్నాడు ఆయన తొడకి జెల్ రాస్తుంటే
చల్లగా ఉందని గొణిగాడు, మోసినవాడు!
తెర మీద నల్లటి మడుగు.
తెగిన పీచుల కొసలు అందులో
వాగులో గడ్డిలా ఊగుతున్నాయి.

తొడ ఉబ్బి, ఎర్రబడి, చెయ్యి వేస్తే రొట్టెల పొయ్యి.
"యాభై రెండేళ్ళకి కండకావరం," అంది మిరెంచు అత్త,
"ఐసు పెట్టు, మాత్ర వెయ్, ఆ మంట ఆర్పెయ్."
కాస్త మండనీ అన్నాను.
ముందొచ్చే తెల్లకణాలు మొరటువి,
చచ్చినదాంతో పాటు బతికినదాన్నీ కొరుకుతాయి.
వెనకొచ్చే పెద్ద కణాలది మొదట మింగుడే పని.
మూడో నాడో, నాలుగో నాడో
ఎవరో చెవిలో చెప్పినట్టు బుద్ధి మార్చుకుని
కండ అంచుల్లో నిద్రపోతున్న విత్తనాల్ని
అవే తట్టి లేపుతాయి.
మింగకుండా ఆ మార్పు రాదత్తా.

నేను డ్యూటీకెళ్ళాక
ఫ్రీజర్లోంచి బఠాణీల సంచి తీసి కట్టింది.
నొప్పి తగ్గింది కదా అని నాన్న
మూడు వారాలు కుర్చీ దిగలేదు.
తప్పెవరిదో నేను తేల్చను.
పుస్తకాలు కూడా ఇక్కడ కొంచెం నీళ్ళు నములుతాయి.

కండ మొలవాల్సిన చోటికి
తాపీవాళ్ళు ముందొచ్చేశారు.
వాళ్ళకి తెలిసిన విద్య ఒకటే, పూడ్చడం.
దొరికిన పీచు దొరికినట్టు
అడ్డంగా, ఏటవాలుగా, కంగారుగా.

ఎనిమిదో వారం మడుగు లేదు.
ఆ చోట సున్నం గీసినట్టు ఒక చార.
గట్టిదే. రెండు కొసల్నీ పట్టుకునే ఉంది.
చుట్టూ కండ ముడుచుకుంటుంది, సాగుతుంది.
ఇది పిలిస్తే పలకదు.

మెట్ల దగ్గర పాత పోటీదారు ఒకాయన:
"గాయం మానిందా?"
"మానింది."
"మరి రాయి?"
"అదీ మానేశాను."

కానీ రోజూ సాయంత్రం బీచ్ చెట్ల వాలు మీద
నాన్న ఎక్కి దిగడం నేను చూస్తూనే ఉన్నాను.
లాగిన వైపుకి పీచు తిరుగుతుందని చెప్పింది నేనే.
ఎంత తిరుగుతుందో చెప్పలేదు.
నాకు తెలిస్తే కదా.

నిన్న తెర ముందు చాలాసేపు ఊరుకుని అడిగాడు:
"ఎంత బరువుంటుంది?"
కొద్ది గ్రాములు అన్నాను.
"రాళ్ళ బరువు నాకు చెప్పకు,"
అని ప్యాంటు పైకి లాక్కున్నాడు.