ఒక్క వాక్యపు ఊరు

"తోవేటా, బెనిన్ దేశంలోని ఒక గ్రామం."
అంతే.
ఆ చుక్క తర్వాత అంతా తెలుపే.
పదకొండేళ్ళుగా మా ఊరు
ఆ చుక్క దగ్గరే నిలబడి ఉంది,
ఆఖరి పడవ తప్పిపోయిన మనిషిలా.

శనివారం. కొటొనూలో
దర్జీ కొట్టు మేడమీద ఐదుగురం.
మూడు లాప్‌టాపులు, ఒకటే ప్లగ్గు.
కింద కుట్టుమిషన్లు నడిచినంతసేపూ
మా బల్లకి చలిజ్వరం.
సెనామి రేవుల జాబితా సరిచూస్తోంది.
బియో జనాభా లెక్కల పుస్తకాన్ని
పేజీ పేజీ ఫోటో తీస్తున్నాడు
(వాళ్ళ ఉత్తరాదిన మూడో కొడుకంటే బియోనే,
పేరు కోసం తడుముకోరు).
ఎడారి గాలి తెచ్చిన దుమ్ము
కీబోర్డు మీద పరుచుకుంటే
ఉఫ్‌మని ఊది మళ్ళీ మొదలుపెడతాం.
ఎక్కడో చలిదేశంలో నిద్రమానుకున్న ఎవరో
నా అక్షరదోషం దిద్ది
పేరైనా చెప్పకుండా వెళ్ళిపోయారు.

నాకు అప్పజెప్పింది నది.
పేరు పెట్టడం కాదు,
ఉన్న పేరుకి సాక్ష్యం తేవడం.

మేనత్త అఫియావికి నది పేర్లు నాలుగూ తెలుసు.
ఎండల్లో ఒకటి, వరదల్లో ఒకటి,
పెళ్ళివారి పడవ మునిగిన ఏడాది వచ్చింది ఒకటి.
నాలుగోది చీకటి పడ్డాక పలకకూడదు.
నా నోట్లో నువ్వుగింజ నానదని తెలిసీ
పట్టపగలు చెవిలో చెప్పింది.

మూడింటినే రాశాను.
సాయంత్రానికి ప్రతి వాక్యం పక్కనా
ఎవరో తగిలించిన చిన్న చీటీ:
ఆధారం కావాలి.

ఫోన్ చేసి చదివి వినిపించాను.
"ఆధారమంటే?"
"ఎక్కడో అచ్చయి ఉండాలి అత్తా."
చేప పొలుసు గీకుతున్న చప్పుడు
చాలాసేపు వినబడింది.
"నువ్వు పుట్టావని ఎక్కడ అచ్చయిందే?
బొడ్డు కోసింది నేనేగా."

ఆ మాటా రాయలేను.
దానికీ ఆధారం లేదు.

దోసూ కవలల తర్వాత పుట్టినవాడు,
వంతు కోసం ఆగడం వాడికి పుట్టుకతో వచ్చింది.
పోర్టోనోవో దస్త్రాల గదిలో
నాలుగు వారాలు తుమ్మి తుమ్మి
ఒక తెల్లదొర రేవు పన్నుల చిట్టా పట్టుకొచ్చాడు.
అందులో ఉంది మా ఊరు, వంకర స్పెల్లింగుతో.
"ఈ జనం పన్ను ఎగ్గొట్టే రకం.
దాటించేది ఒక ఆడది. మొండిది."
పక్కనే నది పేరు.
వరదలనాటిది.

ఆ మొండిది అఫియావి తల్లి.
పేరు రాయడానికి దొరకి సిరా చాల్లేదు.

వాడుకోవాలా వద్దా?
దానిమీద గంటన్నర కొట్టుకున్నాం.
మనల్ని తిట్టినవాడి కాళ్ళు పట్టుకుని
మనం ఉన్నామని చెప్పించుకోవాలా అని సెనామి.
దొంగ చెప్పినా సాక్ష్యం సాక్ష్యమేనని బియో.
ఈలోగా కరెంటు పోయింది.
నీళ్ళలో నానేసిన గారీ,
గుప్పెడు వేరుశెనగలు, చీకట్లో తిన్నాం.
కరెంటు వచ్చేసరికి
ఎవరు ఏ పక్షమో మరిచిపోయాం.

ఇప్పుడు తోవేటాకి నాలుగు వాక్యాలు.
ఒక నది, ఒక పేరు, దొర చిట్టా అడుగున.
మిగతా రెండు పేర్లూ చీటీలతో సహా పోయాయి.
నాలుగోదాన్ని నేను అసలు తేలేదు.
దానికి చీటీ తగిలించే చెయ్యి
ఇంకా పుట్టలేదు.

మొన్న మంగళవారం
పేరులేని ఎవరో ఐదో వాక్యం చేర్చారు:
"పడవ అడుగు పుచ్చిపోయింది,
పిల్లలు బడికి వెళ్ళడం లేదు, ఎవరైనా చూడండి."

ఎనిమిది నిమిషాలకు దాన్ని తీసేశారు.
తీసింది నేనే.
విజ్ఞానసర్వస్వం వినతిపత్రం కాదని
కారణం కూడా రాశాను, మర్యాదగానే.

తర్వాత మేనత్తకి ఫోన్ చేసి
ఎన్ని పలకలు పడతాయని అడిగాను.