బారాణా సున్నం

ఫలక్‌నుమా కాలేజీ ల్యాబులో
కెలోరీమీటరు స్టాకు రిజిస్టరులో ఉంటుంది,
బీరువాలో ఉండదు.
పాత చాయ్ ఫ్లాస్కు, దాని బిరడాకు నేనే పెట్టిన బెజ్జం,
అందులోంచి మెడ చాచిన థర్మామీటరు.
పన్నెండేళ్లుగా వీటితోనే నెట్టుకొస్తున్నాను.

ఆ రోజు పుష్పలత
టిఫిన్ డబ్బాలో సున్నపు గడ్డ తెచ్చింది.
"ఆమ్లం, క్షారం అందరూ కలుపుతున్నరు సార్.
నేను దీని వేడి కొలుస్త."

వాళ్ల నాయిన శాలిబండలో గోడలకు సున్నం కొడతాడు.
పొద్దున్నే డ్రమ్ములో దోసెడు వేసి,
బుసబుస విని చెప్పాడట:
"సత్తువ పోయింది బిడ్డా, ఇది బారాణా సున్నం."
థర్మామీటరు లేదు, గడియారం లేదు.
చెవి ఉంది.
మోచేతుల దాకా పాత పొక్కుల మచ్చలున్నాయి.

చారాణా కోడి సామెత గుర్తొచ్చి
నవ్వాను.

నూరి తూచాం: ఐదు పాయింట్ ఆరు గ్రాములు,
సరిగ్గా మోల్‌లో పదో వంతు.
నీళ్లు నూట తొంభై గ్రాములు,
ఇరవై ఏడు పాయింట్ నాలుగు దగ్గర నిద్రపోతున్నాయి.
పొడి పడగానే ఫ్లాస్కులో
ఎవరో గొంతు సవరించుకున్న చప్పుడు.
బిరడా మీద ఆమె బొటనవేలు తెల్లబడింది.
అరనిమిషానికొక అంకె.
కింద చాంద్రాయణగుట్ట బస్సు హారన్ కొడుతుంటే
ఒక అంకె రెండుసార్లు చదివింది.
పాదరసం ఎక్కి ఎక్కి
ముప్ఫై మూడు పాయింట్ రెండు దగ్గర
ఇక నావల్ల కాదన్నట్టు నిలబడింది.

"ఇంతేనా సార్?"

డిగ్రీకి నీళ్లు మింగేది,
గాజు దొంగచాటుగా తాగేది
కలిపితే ఎనిమిది వందల ముప్ఫై ఆరు.
ఐదు పాయింట్ ఎనిమిదితో హెచ్చవేసింది.
నాలుగు వేల ఎనిమిది వందల నలభై తొమ్మిది.
పుస్తకం లెక్కన రావలసింది ఆరున్నర వేలు.
భాగించింది. పెన్ను ఆగింది.
నూటికి డెబ్బై ఐదు, కాస్త తక్కువగా.
రూపాయికి పన్నెండణాలు.

ఈసారి నవ్వలేదు నేను.

మరి ఆ చారాణా ఎటు పోయింది?
వేడి మాయం కాదని ఏటా బోర్డు మీద రాసేవాణ్ని,
రాసి చెరిపేసేవాణ్ని.
ఫ్లాస్కును అనుమానించలేం, దాని వాటా ముందే కట్టేశాం.
"దోషాలకు కారణాలు" అన్న గడిలో
నమూనా పాతది, గాలిలో తేమ పీల్చింది
అని రాయమన్నాను.
రాసింది. కాసేపు చూసి కొట్టేసింది.
కింద గుండ్రటి అక్షరాలతో:

"మూట విప్పినంక పదకొండు రోజులు ముసురు.
నాయినకు పని దొరకలె.
ఆ వేడి మా ఇంట్లనే,
మూలకు కూసొని,
ఎవ్వలకు తెల్వకుండ పోయింది."

ఎర్ర పెన్ను మూత తీసి
చాలాసేపు కూర్చున్నాను.

ఆఖరి అంకె పక్కన
జౌళ్లు అని రాయనందుకు మాత్రం
అర మార్కు తగ్గించాను.