మూడో బోయీ

అంబనిద్య ఎక్కుడులో, రెండో మలుపు దగ్గర,
నా రెనో ఫోర్‌కి వెక్కిళ్లు పట్టాయి.

నాకంటే తొమ్మిదేళ్లు పెద్దది ఈ బండి.
దిగుడొస్తే ఇంజను ఆపేసి జారిపోతాను.
పెట్రోలు నా కాళ్ల దగ్గర, నీళ్ల సీసాలో.
లీటరు డబ్బులు ముందే చేతిలో పెట్టినవాళ్లనే ఎక్కించుకుంటాను.
అంతానానరివులో టాక్సీ నడపడమంటే
సగం నడపడం, సగం జారడం.

వెనక సీట్లో రవావు, ఆమె ఒళ్లో రెండు బాతులు.
ఒక ఉలికిపాటు, ఒక దగ్గు,
సైలెన్సర్‌లో టపాకాయ పేలిన చప్పుడు.
బాతులు నోరు మూసుకున్నాయి.
కొండ మమ్మల్ని కిందికి పిలవడం మొదలుపెట్టింది.

వెనక్కే జారి రత్సింబా షెడ్డు ముందు ఆగాం.
ఆయనకి చెవులు పోయి ఆరేళ్లు.
స్క్రూడ్రైవరు కొన ఇంజను మీద ఆనించి
పిడిని పళ్ల మధ్య కరిచి పట్టుకుంటాడు.
దవడ ఎముకతో వింటాడు.
"నలుగురిలో ఒకడు భుజం ఇవ్వట్లేదు" అని అరిచాడు,
మేమే చెవిటివాళ్లమైనట్టు.

వాళ్ల తాత ఫిలంజానా మోసినవాడట.
రెండు కర్రల మధ్య కుర్చీ, కుర్చీలో ఫ్రెంచి దొర,
నాలుగు భుజాలు, ఇదే కొండ.
అందుకని ఆయన లెక్కలో సిలిండర్లుండవు,
బోయీలుంటారు.

ఎవడో తేల్చడం ఫార పని.
ఆయన మనవరాళ్లలో కడగొట్టుది, పేరుకి అర్థం కూడా అదే.
నడుస్తున్న ఇంజను మీంచి
ప్లగ్గు తీగలు ఒక్కోటే పీకింది.
మొదటిది పీకితే బండి కుంగింది. పెట్టేసింది.
రెండోది, కాస్త కుంగింది.
మూడోది.
ఏమీ లేదు. అదే వణుకు, అదే కుంటి నడక.
రాని మనిషి సెలవు పెడితే ఎవరికి తెలుస్తుంది?

మూడో ప్లగ్గు పెట్రోలు కంపుతో నల్లగా తడిసుంది.
దాన్ని నాలుగో ఇంట్లో పెడితే బుద్ధిగా వెలిగింది.
తీగ మార్చారు, తప్పు తీగది కాదు.
నేను కార్బొరేటర్ మీద నేరం మోపబోయాను.
రత్సింబా నా చేతి మీద ఒకటి వేసి
"చీకటి పడనీ" అన్నాడు.

వాన పడింది, తర్వాత చీకటి పడింది.
ఫార బల్బు ఆర్పింది.
డిస్ట్రిబ్యూటర్ మూత మీద
వెంట్రుకంత నీలం దారం ఒకటి
గడి నుంచి గడికి పాకుతూ,
మూడో వాడికి చేరాల్సిన నిప్పుని
దారిలోనే దొంగిలించి
ఉత్త ఇనుముకి పంచిపెడుతోంది.
అంత చిన్న బీట.
పగలు నేను దాన్ని మూడుసార్లు గుడ్డతో తుడిచాను.

కొత్త మూత కావాలంటే నెల.
బ్లేడుతో మసి గీకి, ఆరబెట్టి, ఫార చెయ్యి చాపింది.
రవావు సంచి వెతికి
అడుగంటిన ఎర్ర గోళ్ల రంగు సీసా తీసింది.
మూడు పూతలు, మధ్యలో నోటితో ఊదడం.

ఒకటి, మూడు, నాలుగు, రెండు.
నలుగురూ వరసగా అడుగేశారు.

అప్పుడైనా బిల్లు అడగొచ్చు కదా.
ముసలాయన మళ్లీ ప్లగ్గులన్నీ విప్పించాడు,
ఫార హ్యాండిల్ తిప్పుతుంటే
ఒక్కో బొక్క మీదా బొటనవేలు ఆనించాడు.
మూడుచోట్ల వేలు ఎగిరిపడింది.
రెండో దగ్గర
నిద్రలో పిల్లాడు వదిలినంత ఊపిరి.
"వాల్వు కాలింది. ఇది రంగుతో పోదు.
వీడొస్తాడు, నడుస్తాడు. మొయ్యలేడు."
ఎంతవుతుందని అడిగాను.
వినపడనట్టు నటించాడో, నిజంగా వినపడలేదో.

రాత్రి మళ్లీ అంబనిద్య.
వెక్కిళ్లు లేవు. బలమూ లేదు.
రెండో మలుపులో ఫస్ట్ గేరుకి దించాను.
అడక్కుండానే రవావు తలుపు తీసుకుని దిగింది,
చంకకొక బాతు.
బండి పక్కనే నడిచింది,
నేనూ ఆమె వేగానికే ఎక్కాను.

పైన దీపం కింద చిల్లర లెక్కపెడుతుంటే చూశాను:
తొమ్మిది గోళ్లు ఎర్రగా ఉన్నాయి.

ఎడమ చిటికెన వేలిది ఉత్తగా ఉంది.